ఊరి దినం

12 జూన్ 1949, ఆదివారం

ప్రార్థన ముగించుకుని వచ్చేసరికి గౌరయ్య పటేలు మా గూడెం మొదట్లో నిలబడి ఉన్నాడు. పటేలు ఇటువైపు రావడం నేను చూడడం ఇదే మొదలు. పని ఉంటే మనిషిని పంపుతాడు.

"పంతులమ్మా, నీతోని ఒక మాటున్నది," అన్నాడు.

ఊరు ఒక నిర్ణయం చేసిందట. నిరుడు శ్రావణంలో రజాకార్లు వచ్చి, కళ్లంలో మనుషులను నిలబెట్టి కాల్చిన రోజును ఇకమీదట ఏటేటా ఊరి దినంగా పాటించాలట. ఆ రోజు అరక కట్టకూడదు, మోట తోలకూడదు, దుకాణం తెరవకూడదు, బడి నడపకూడదు. అందరూ కళ్లం దగ్గర కూడాలి. ఒక్కొక్క ఇంటివారు లేచి తమ ఇంట్లో పోయిన మనిషి పేరు నలుగురి ముందూ చెప్పాలి. అంతే. పూజలు, ఉపన్యాసాలు ఏమీ వద్దనుకున్నారు.

"పండుగలకు సెలవిస్తవు గద. ఇది గూడ గట్లనే. కాకుంటె ఏడ్సుకునే పండుగ," అన్నాడు.

పటేలు చిన్న కొడుకు యాదయ్యను అక్కడే కాల్చారు. అప్పటికి పెళ్ళి కుదిరి ఉంది.

"బడి సంగతి ఆలోచిస్తాను పటేలా," అన్నాను.

"మీ ఇంటి తరఫున నీ పెనిమిటి పౌలు పేరు నువ్వు జెప్తవో, ముసలమ్మ జెప్తదో, మీరే అనుకోండ్రి."

"ఆయనను కళ్లంలో చంపలేదు. లారీలో తీసుకుపోయారు."

పటేలు తలపాగా సవరించుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజు రెండు లారీలు వచ్చాయి. మొదటి లారీలో ఎక్కించినవాళ్ళు యూనియన్ మిలిటరీ వచ్చాక జైలు నుంచి తిరిగి వచ్చారు. సైదయ్య వచ్చాడు, ఇంకొందరు వచ్చారు. ఆయన ఎక్కింది రెండో లారీ. అందులో మా ఊరివాళ్ళు ఇంకెవరూ లేరు. కొందరు రావడానికి ఎక్కువ కాలం పడుతుంది.

14 జూన్

వాన జాడ లేదు. బడికి సగం మందే వచ్చారు. అత్త పొద్దుటి నుంచీ నాతో మాట్లాడలేదు.

15 జూన్

అత్తే కదిపింది. రొట్టెలు చేస్తూ, నా వైపు చూడకుండా.

"పేరు జెప్తె తప్పేంది?"

"బతికి ఉన్న మనిషి పేరు పోయినవాళ్ళ పేర్లతో కలిపి ఎట్లా చెబుతాం అత్తా?"

"ఏడాది అయితాంది బిడ్డా. ఒక్కనాడన్న కడుపునిండ ఏడ్సిన్నా నేను? ఏడ్సుడు మొదలువెడితె నువ్వు నా మూతి దిక్కు సూస్తవ్. నేను ఊకుంట."

ఆమెను ఏడవవద్దని నేనెప్పుడూ అనలేదు. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. నేనెప్పుడూ అనలేదు.

23 జూన్

గౌరయ్య పటేలు, లక్ష్మీనర్సయ్య సూర్యాపేటకు పోయి వచ్చారు. లక్ష్మీనర్సయ్య ఒకప్పుడు పట్వారీ పని చేసినవాడు, అర్జీలు రాయడం తెలిసినవాడు. మా ఊరి దినాన్ని సర్కారు సెలవుగా ప్రకటించాలని అర్జీ పట్టుకుపోయారు. తిరిగి వచ్చి బడి అరుగుమీదే కూర్చున్నారు. నేను మంచినీళ్ళు తెప్పించాను. పటేలు తాగలేదు. లక్ష్మీనర్సయ్య గ్లాసు చేతిలోకి తీసుకుని మళ్ళీ కింద పెట్టాడు.

"తహసీల్దారు మొట్టమొదలు ఏమడిగిండో తెలుసునా?" అన్నాడు లక్ష్మీనర్సయ్య. "సచ్చినోళ్ళు సంఘపోళ్ళా, కమ్యూనిస్టులా అని. కాదు సాబ్, ఎవుసం జేసుకునెటోళ్ళు అన్న. నమ్మలే. గుంపుగ కూడితె పోలీసుల తోలుతమన్నడు."

"సెలవు సంగతి?"

"ఏ ఊరికి ఆ ఊరు సెలవడిగితె ఇగ కచేరీ ఎప్పుడు తెర్వాలె అని నవ్విండు. మీ ఇండ్లల్ల మీరు ఏడ్వండ్రి, సర్కారును ఎందుకు ఏడ్వమంటరు అన్నడు."

పటేలు అప్పటిదాకా నేల చూస్తూ ఉన్నాడు. "మంచిగనే అన్నడు. మనం అడుగుడే తప్పు. మన దినం మనం జేసుకుందం," అన్నాడు. తరువాత నాతో, "బడికి ఏడాదికొక్క సెలవు నీ ఇష్టంతోని ఇచ్చుకోవచ్చునట గద. అది జర ఈ దినానికి ఇయ్యి," అన్నాడు.

ఇంగ్లీషు లెక్కన ఆ రోజు ఆగస్టు 21. ఈ ఏడు ఆదివారం వస్తోంది, వేరే సెలవు అక్కర లేదు, పిల్లల చదువూ చెడదు. అదే చెప్పాను.

"తారీఖులు మాకు తెల్వయి. శ్రావణపున్నం ఎల్లిన రెండోనాడు. సంవత్సరీకం తిథికే పెడ్తరు," అన్నాడు పటేలు.

పంచాంగం చూసి లక్ష్మీనర్సయ్య చెప్పాడు, తిథి ప్రకారమైతే ఆగస్టు 10. అంత ముందే.

నేను ఒప్పుకోలేదు. చదువు చెడుతుందని తప్ప నాకు వేరే ఉద్దేశం లేదు.

3 జూలై

ఊరి దినం గురించి గూడెంలో పంచాయితీ. పక్కింటి నర్సమ్మ లేచింది. ఆమె అన్న లూకాను కళ్లంలో కాల్చారు. ఆమె మాట్లాడితే పటేళ్ళు కూడా వింటారు.

"దినం జేసుడు మంచిదే పటేలా. ఒక్కపొద్దు అరక కట్టకుంటె నీకేం తక్కువగాదు. మేము కూలికి పోకుంటె ఆ పూట ఏం తినాలె? మా అన్న పేరు జెప్పి పిల్లలను పస్తు పండబెట్టాల్నా?"

గౌరయ్య పటేలు, "ఆ దినం పని లేకున్న కూలి జొన్నలు ఇస్తం," అన్నాడు. ఇంకో రైతు, పనిలేని కూలి ఎక్కడి పద్ధతి అని లేచాడు. పటేలు అతని వైపు తిరిగి, "నీ ఇంట్ల ఎవలు పోలే. నువ్వు కూసో," అన్నాడు. అతను కూర్చున్నాడు.

మా ఆయనకు ఇట్లాంటి పంచాయితీలంటే సరదా. ఎవరు ఎట్లా లేచారో, ఎట్లా కూర్చున్నారో చేసి చూపిస్తాడు. వచ్చాక నర్సమ్మ సంగతి చెప్పాలి.

9 జూలై

వాన పడింది.

12 జూలై

పటేలు బావిలో నీళ్ళు తోడే తోలు మోట చినిగిందట. వేరే ఊరి నుంచి కుట్టేవాణ్ణి పిలిపించుకున్నాడు.

నిరుడు ఆ రోజు పొద్దున కూడా ఆ బావి మోట కుట్టడానికే మా ఇంటికి మనిషిని పంపాడు. ఆయన అంబలి తాగుతూ సగంలో లేచాడు. తాగి పొమ్మన్నాను. తోలు నానబెట్టారు, ఆలస్యమైతే మెత్తబడిపోతుంది అన్నాడు. ఆ బావి కళ్లం పక్కనే. గూడెంలోనే ఉండి ఉంటే దొరికేవాడు కాదు, లారీలు ఇక్కడిదాకా రాలేదు.

ఈ మాట పటేలుతో నేను అనలేదు. అనను కూడా.

17 జూలై, ఆదివారం

సైదయ్య ఎడ్లు కొనడానికి కోదాడ పోయి ఇవాళే వచ్చాడు. ఎడ్లను ఇంటికి తోలకుండానే నేరుగా మా ఇంటికి వచ్చాడు.

"అక్కా, మిషను దవాఖాన కాడ ఒక మనిషిని సూసిన. ఎనుకకెళ్ళి సూసిన. కుంటుతాండు. పౌలన్న లెక్కనే భుజాలు. పిలిచేసరికి లోపలికి వోయిండు. కాంపౌండరును అడిగితె, నిరుడు రజాకార్లు లారీల ఎక్కిచ్చి కొట్టిన మనిషి, ఈడనే పని జేసుకుంట బతుకుతాండు అన్నడు."

"పేరు అడగలేదా?"

"కాంపౌండరును లోపల పిలిచిన్రు అక్కా. నా ఎడ్లు గాడ రోడ్డు మీద ఉండె."

అత్త గోడ పట్టుకుని నిలబడింది. నేనూ వస్తానంది. వద్దన్నాను. నేను పోయి తీసుకువస్తాను అన్నాను. చూసి వస్తాను అనవలసింది. తీసుకువస్తాను అన్నాను.

ఆయన ధోవతి ఒకటి ఉతికి ఆరేశాను. ఒంటిమీద ఏముందో ఏమో.

23 జూలై, శనివారం

కోదాడ వెళ్ళాను. అతను కాదు.

24 జూలై

ప్రార్థనకు వెళ్ళలేదు. తలనొప్పి.

26 జూలై

రెండో తరగతికి తీసివేతలు చెప్పాను.

29 జూలై

ఆ పేరు చాలామందికి ఉంటుంది. కోదాడ చుట్టుపక్కల ఎన్ని క్రైస్తవ కుటుంబాలు! ఏ ఇంట్లో చూసినా ఒకరుంటారు. మోటలు కుట్టేవాళ్ళూ ఊరికొకరు ఉంటారు. భార్య పంతులమ్మ అయినవాళ్ళు కూడా ఇంకెవరైనా ఉండవచ్చు. దెబ్బలు తిని జ్వరంతో ఉన్న మనిషి ఏం విన్నాడో, ఏం చూశాడో. పొరబడి ఉండవచ్చు.

31 జూలై, ఆదివారం

రాస్తాను.

అతని పేరు రాజారత్నం. దవాఖానలో నీళ్ళు తోడి పోస్తాడు. నేను వెళ్ళేసరికి బావి దగ్గర ఉన్నాడు. వెనకనుంచి చూశాను. సైదయ్య చెప్పింది నిజమే, భుజాలు అట్లాగే ఉన్నాయి. అతను తిరిగాడు. చిన్నవాడు. ఆయన కన్నా చాలా చిన్నవాడు.

పోవలసింది. తిరిగి బస్సెక్కి రావలసింది. నిలబడిపోయాను.

"ఎవరు కావాలండి? మీదే ఊరు?" అన్నాడు.

మా ఊరి పేరు చెప్పాను. బకెట్ కింద పెట్టాడు.

"పౌలుగారి ఇంటివారా?"

నేను ఎవరి పేరూ చెప్పకముందే అన్నాడు.

దవాఖాన అరుగుమీద కూర్చోబెట్టాడు. తాను కింద కూర్చున్నాడు, కుంటికాలు చాపుకుని. "లారీలో పక్కపక్కనే ఉన్నామండి. మా ఆవిడ పంతులమ్మ అని చెప్పాడు. బడి కప్పు కురుస్తోంది, వానలు ముదిరేలోపు తాటాకు మార్చాలి, ఆవిడొక్కతే ఏం చేసుకుంటుంది అని ఒకటే బాధ. చేతులు కట్టేసి ఉంటే తాటాకు గురించి బాధేమిటన్నాను. నవ్వాడు కూడానండి."

మిర్యాలగూడ తీసుకుపోయి ఒక గిడ్డంగిలో పెట్టారట. గాలి లేదు. నీళ్ళు పొద్దున ఒకసారి. వాళ్ళతో ఒక ముసలాయన ఉన్నాడు, నాలుక బయటపెట్టాడు. మా ఆయన లేచి తలుపు బాదాడట, ముసలాయనకు నీళ్ళివ్వమని.

"వద్దన్నానండి. వినలేదు. తలుపు తీశారు. తుపాకి మడమతో తలమీద కొట్టారు. రెండుసార్లు. నీళ్ళు మాత్రం ఇచ్చారండి, ముసలాయనకు."

"తరువాత?" అన్నాను. నా గొంతు బడిలో పాఠం అడిగినట్లే ఉంది.

"నా తొడమీద తల పెట్టుకుని పడుకున్నాడు. మర్నాడు పొద్దున లేవలేదమ్మా."

అండి అనడం మాని అమ్మా అన్నాడు.

ఊరవతల గుంట తీయించారట. తీసినవాళ్ళలో ఇతనూ ఉన్నాడు. పైకి ప్రార్థన చేస్తే కొడతారని లోపలే చేశాడట. ఆ చోటు ఇప్పుడు చూపించలేనన్నాడు, మీద నుంచి బండ్ల బాట వేశారు.

"ఎందుకు వచ్చి చెప్పలేదు?"

"కాలు ఇట్లా అయిందని..." అని ఆగాడు. "కాలు ఒక సాకమ్మా. నడవగలను. మీ ఇంటి ముందు నిలబడి ఎట్లా చెప్పాలో తెలియలేదు."

సంచిలోని ధోవతి ఇవ్వబోయాను. వద్దన్నాడు. అరుగుమీదే పెట్టి వచ్చాను.

ఇంటికి వచ్చేసరికి అత్త వాకిట్లో ఉంది. "వాడేనా?" అంది.

"అతను కాదు అత్తా," అన్నాను.

అది అబద్ధం కాదు.

4 ఆగస్టు

పటేలు మళ్ళీ బడికి వచ్చాడు. పాఠాలు చాలా వెనకబడి ఉన్నాయి, పదో తారీఖున బడి తెరుస్తాను, పిల్లలను పంపడం మానడం మీ ఇష్టం అని చెప్పాను.

"సరే పంతులమ్మా. నీమీద జోరు జేసెటోన్ని గాదు." గుమ్మం దాటి, మళ్ళీ వెనక్కి వచ్చాడు. "పౌలును ఆ పొద్దు పిలిపిచ్చింది నేనే. ఆ మాట నువ్వు అంటవని ఏడాదిసంది సూస్తాన్న."

"అంటే ఏమొస్తుంది పటేలా?"

"ఏం రాదు," అన్నాడు. "గని అను. ఎప్పుడన్న."

7 ఆగస్టు, ఆదివారం

అత్త కళ్లానికి పోతానంది. పొమ్మన్నాను.

"పోత గని, వాని పేరు నేను జెప్ప. కొడుకు నాకు. మొగడు నీకు. నువ్వు జెప్పేదాక నేను నోరిప్ప."

ఎందుకట్లా అన్నావు అత్తా అని అడగలేదు. అడిగితే ఏం చెబుతుందో అని భయమేసింది. కోదాడ నుంచి వచ్చిన రోజు నా సంచి విప్పి ఆరేసింది తనే. అందులో ధోవతి లేదు. ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

10 ఆగస్టు, బుధవారం

బడి తెరిచాను. గంట కొట్టాను. ఎవరూ రాలేదు. గూడెం పిల్లలు కూడా రాలేదు.

కుర్చీలో కూర్చున్నాను. మోటల చప్పుడు లేదు. అరకలు తోలేవాళ్ళ అదిలింపులు లేవు. ఊరిలో ఇంత నిశ్శబ్దం నిరుడు ఆ సాయంత్రమే విన్నాను. నిన్నటి వానకు రెండో తరగతి బల్లమీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. చీపురు తెచ్చి ఊడ్చాను. మీద నుంచి ఇంకా కారుతోంది. తాటాకు నిరుడే మార్చవలసింది. మార్చేవాడు లేక మార్చలేదు.

ఈ మాట మనసులో అనుకుని, అనుకున్నానని గ్రహించి, అట్లాగే నిలబడ్డాను. తరువాత చీపురు గోడకు ఆనించి, తలుపు వేసి బయలుదేరాను.

కళ్లం దగ్గర ఊరంతా ఉంది. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు, గూడెంవాళ్ళు ఎప్పటిలాగే కాస్త ఎడంగా. మనుషులు పడిన చోట ఎవరూ కూర్చోలేదు. ఇద్దరు పోలీసు జవాన్లు గట్టుమీద నిలబడి చూస్తున్నారు.

నేను వెళ్ళేసరికి పటేలు లేచాడు. చాలా మాట్లాడతాడనుకున్నాను. "నా కొడుకు యాదయ్య," అన్నాడు. కూర్చున్నాడు. పటేలు భార్య ఆండాలు కొంగు మొహానికి కప్పుకుంది.

నర్సమ్మ లేచి, "మా అన్న లూకా," అంది. ఆ తరువాత ఒక్కొక్కరు. ఒక ముసలాయన పేరు చెప్పబోయి చెప్పలేక, మనవడి భుజం తట్టి వాడిచేత చెప్పించాడు. కొందరి గొంతు వినబడలేదు. అయినా ఎవరూ మళ్ళీ చెప్పమనలేదు.

అందరివీ అయిపోయాయి. ఎవరూ లేవలేదు. పటేలు మా వైపు చూడకుండా కళ్లంవైపే చూస్తున్నాడు. అత్త తలవంచుకుని, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుని ఉంది.

ఆయన పేరు నేనెప్పుడూ పలకలేదు. పెళ్ళినాడు పాదిరిగారు పలికించినప్పుడు ఒక్కసారి గొణిగాను. ఆ తరువాత ఎవరైనా అడిగితే అత్త చెప్పేది, లేకపోతే పక్కనున్నవాళ్ళు చెప్పేవారు.

లేచి నిలబడ్డాను.

"మా ఆయన..." అన్నాను. జవాన్లు కూడా నా వైపే చూస్తున్నారు. "మా ఆయన పౌలు," అన్నాను. సరిపోలేదనిపించింది. "పౌలు. సుందరమ్మ కొడుకు."

అత్త అరుపు నాకు చివరిదాకా గుర్తుంటుంది. ఏడాదిగా ఆ అరుపును ఆమె ఎక్కడ దాచుకుందో. నేలమీద పడిపోయింది. నేను పట్టుకునేలోపల ఆండాలు లేచి వచ్చింది. మా మధ్య ఉన్న ఎడం దాటి వచ్చి, అత్త తల ఒళ్ళోకి తీసుకుంది. "ఏడువు సుందరమ్మా, ఏడువు, నేను గూడ ఏడుస్త," అంది. ఆమె వెనక ఇంకా కొందరు ఊరి ఆడవాళ్ళు వచ్చారు. ఎవరూ ఎవరినీ ఎడంగా జరగమనలేదు. రేపటికి ఇది ఉంటుందో లేదో తెలియదు. ఇవాళ మాత్రం చూశాను.

పటేలు దగ్గరికి నేనే వెళ్ళాను.

"ఆ రోజు మీరు పిలిపించకపోతే బతికేవాడు పటేలా," అన్నాను.

"ఔ బిడ్డా," అన్నాడు. చేతులు రెండూ కట్టుకుని నా ముందు తలవంచుకున్నాడు. నాకు కోపం రాలేదు. వస్తుందనుకున్నాను.

ఇంటికి వచ్చాక అత్తను కూర్చోబెట్టి రాజారత్నం చెప్పినదంతా చెప్పాను. లారీ, గిడ్డంగి, నీళ్ళు, దెబ్బలు, గుంట. ఏదీ దాచలేదు. ఇన్నాళ్ళూ దాచినందుకు ఆమె నన్ను ఒక్క మాట అనలేదు.

"నీళ్ళు ముసలాయనకు అడిగిండా? తనకు గాదా?"

"ముసలాయనకే."

"ఇచ్చిన్రా?"

"ఇచ్చారట."

తల ఊపింది. "గట్లనే జేస్తడు వాడు," అంది.

"అత్తా, నిజానికి ఆయన పోయింది ఈ రోజు కాదు. తీసుకుపోయిన తరువాత మూడో రోజు."

అత్త కళ్ళు తుడుచుకుంది. "ఈ దినమే నా ఇంట్లకెళ్ళి పోయిండు బిడ్డా. ఊరి దినమే వాని దినం. నాకు ఇంకో దినం వద్దు."

జొన్నలు ఇంటికి వచ్చాయి, అందరి ఇళ్ళకూ వచ్చినట్లే. అత్త గటక వండింది. ఇద్దరం తిన్నాం.

11 ఆగస్టు, గురువారం

అరకలు కట్టారు. పిల్లలందరూ వచ్చారు.

హాజరు పిలుస్తుంటే రెండో తరగతిలో తార లేచింది. ఊరవతల కొత్తగా వచ్చిన వడ్రంగి కూతురు, ఈ ఊరి సంగతులేవీ తెలియవు.

"టీచరమ్మా, నిన్న సెలవెందుకు?"

మిగతా పిల్లలు ఆ పిల్లను ఊరుకోమన్నట్లు చూశారు. నేను కుర్చీలోంచి లేచి ముందుకు వచ్చాను.

"నిన్న మన ఊరి దినం," అన్నాను. "నిరుడు మన ఊళ్ళో మనుషులను చంపారు. వాళ్ళు గుర్తుండాలని ప్రతి ఏడూ ఆ రోజు ఎవరం పని చేయం. బడి కూడా ఉండదు. వాళ్ళలో యాదయ్య ఉన్నాడు, లూకా ఉన్నాడు. మా ఆయన కూడా ఉన్నాడు. ఆయన పేరు పౌలు. మోటలు కుట్టేవాడు. పంచాయితీలో ఎవరు ఎట్లా మాట్లాడారో అట్లాగే చేసి చూపించి నవ్వించేవాడు."

తార సరేనని తల ఊపి కూర్చుంది.

తరువాత మూడో ఎక్కం చెప్పించాను.